పెద్దక్క పెట్టిన భాగాలు

ఆలూరు పక్క పల్లెల్లో ఇల్లు వేరుపడడానికి ఒక పద్ధతి ఉంది. ముందుగా అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారు. తర్వాత తోడికోడళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెడతారు; అది వీధి చివరిదాకా వినబడుతుంది. ఆఖరున మంచిరోజు చూసి, ఒక పెద్దమనిషిని పిలిపించి, గరిటె మొదలుకొని పాలిచ్చే ఎనుము దాకా ఇంట్లో ఉన్న సమస్తాన్నీ వాకిట్లో రెండు కుప్పలు పెడతారు. కుప్పలు పెట్టే పని పెద్దవాడిది, ముందుగా ఎంచుకునే హక్కు చిన్నవాడిది. పెట్టేటప్పుడు మోసం చేస్తే ఆ మోసం పెట్టినవాడికే మిగులుతుంది. రాజ్యాంగాలు రాసిన మహామహులకు కూడా ఇంత పదునైన ఉపాయం తట్టి ఉండదు.

బొజ్జన్న, రామాంజి అనే అన్నదమ్ముల దగ్గర మాత్రం ఈ ఉపాయం పారలేదు. బొజ్జన్న కుప్పలు పెడతానంటే రామాంజి నమ్మలేదు. రామాంజి ముందుగా ఎంచుకుంటానంటే బొజ్జన్న ఓర్వలేదు. ఇద్దరూ నమ్మే మనిషి ఈ భూమ్మీద ఒకే ఒక్కతె ఉంది. ఆమె ఆ సమయంలో పొయ్యి ముందు కూర్చొని జొన్నరొట్టెలు కొడుతూ ఉంది.

"అక్క పెట్టనీ," అన్నాడు బొజ్జన్న.

"అక్కయితే సరే," అన్నాడు రామాంజి.

చాన్నాళ్ళకు అన్నదమ్ములు ఒక్క మాట మీదకు వచ్చారు. మళ్ళీ రాలేదు.

పెద్దక్క వాళ్ళిద్దరికంటే ముందు పుట్టింది. హొళగుంద పక్క ఊరికి ఇచ్చారు. పిల్లలు పుట్టలేదని మొగుడు ఇంకొకామెను తెచ్చుకున్నాడు. కొత్తామె గడప దాటి లోపలికి వచ్చినాక, ఆ ఇంట్లో ఇద్దరికి చోటు లేదని తేలింది. ఎవరికి లేదో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఒక ట్రంకు పెట్టె, పెళ్ళినాడు చుక్కలతో పేరు కొట్టించిన స్టీలు పళ్ళెం పట్టుకొని పెద్దక్క పుట్టింటికి వచ్చింది. అప్పటికి తల్లి మంచంలో ఉంది. రామాంజికి ముక్కు తుడుచుకోవడం రాదు. తల్లి పోయింది, తండ్రి పోయాడు, పెద్దక్క పోయే తీరిక లేక ఉండిపోయింది. తమ్ముళ్ళను సాకింది. వాళ్ళకు పెళ్ళిళ్ళు చేసింది. బొజ్జన్న కొడుకు ఈరేష్‌కూ, రామాంజి కూతురు భువనకూ, ఆ తర్వాత పుట్టిన బుడ్డోడికీ తానే నీళ్ళు పోసి పెంచింది.

వానలు ఎగ్గొట్టిన ఏడు ఆ ఊళ్ళో సగం మంది గుంటూరు పక్కకు మిరపకాయలు తెంపడానికి పోతారు. దాన్నే సుగ్గికి పోవడమంటారు. వానలు ఎగ్గొట్టని ఏడు అరుదు గనక ప్రతి ఏడూ పోతారు. తమ్ముళ్ళూ మరదళ్ళూ సుగ్గికి పోతే, పిల్లలూ ఎనుమూ పెద్దక్క చేతిలో ఉండేవి. తిరిగొచ్చేసరికి పిల్లలు కాస్త పొడుగై, ఎనుము కాస్త చిక్కి ఉండేది. ఎనుము సంగతి మాత్రం అందరూ అడిగేవారు.

భాగాల రోజు పెద్దమనిషి గోపన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఊళ్ళో ఎవరిల్లు చీలినా ఆయన ఉండాలి. చీలిక అందంగా వస్తుంది. పెద్దక్క కొంగు నడుముకు చుట్టుకొని పనిలోకి దిగింది.

అంత నేర్పు ఆమెలో ఉందని ఆమెకే తెలియదు. ఎనుమును ఒక పక్క కడితే, దానికి జోడుగా రెండు మేకలనూ కొత్త మంచాన్నీ రెండో పక్కకు తోసింది. అంచు విరిగిన రొట్టెల పెనానికి తోడుగా ఒక మంచి బిందె చేర్చింది. విసురురాయి ఒకటే ఉంటే, అది లేని కుప్పకు రోలు ఇచ్చింది. కంది బేడలను చేటతో కొలిచింది. ఆఖరున మిగిలిన గింజలను పిడికిలిలోకి తీసుకొని, అటు కొన్ని ఇటు కొన్ని రాల్చింది. చేను ముందే తాడుతో కొలిపించి గట్టు పెట్టించింది. ఇంట్లో గోడ ఎక్కడ కట్టాలో పడసాల మధ్య బొగ్గుతో గీత గీయించింది. వాకిట్లో మూగిన ఆడవాళ్ళు తప్పు పట్టాలని శానా కష్టపడి, విసుగొచ్చి ఇళ్ళకు పోయారు.

"పెద్దక్క కంట్లో తక్కెడుండాది," అన్నాడు గోపన్న.

బతుకులో ఆమెను పదిమందిలో మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ మాట తలకెక్కింది. చివరికి రామాంజి పక్క కుప్పలో ఒక పళ్ళెం తక్కువ పడితే, లోపలికి పోయి గూట్లోంచి తన పేరు కొట్టిన పళ్ళెం తెచ్చి దాని మీద పెట్టింది. లెక్క సరిపోయింది. చేతులు దులుపుకొని, "చూసుకోండప్పా," అంది.

రెండు కుప్పలు, రెండు సంసారాలు, ఇంత కూడా తేడా లేదు. ఎంచుకోవడానికి ఏమీ లేక రామాంజి దగ్గరున్న కుప్పనే తీసుకున్నాడు.

మధ్యాహ్నానికి రెండు పొయ్యిలు వెలిగాయి. పాత పొయ్యి రామాంజి భాగానికి పోయింది. బొజ్జన్న పెండ్లాం ఉరుకుందమ్మ దాంట్లోంచే నిప్పు తీసుకుపోయి, వాకిటి అవతల కొత్త పొయ్యి అంటించింది. ఇటు పిల్లలు ఇటు తిన్నారు, అటు పిల్లోడు అటు తిన్నాడు. పెద్దక్క అలవాటుగా గూటి దగ్గరికి పోయింది. గూడు ఖాళీగా ఉంది.

"శివకుమారీ, నా పళ్ళెం ఇట్ల ఇయ్యమ్మా."

రామాంజి పెండ్లాం శివకుమారి చెడ్డది కాదు. ఉన్న మాట చెప్పింది. "నీదేముండాది వదినా. నువ్వే కదా మా భాగంలో ఏస్తివి."

"ఏస్తిని లే. దాంట్లో ఇంత సంగటి పెట్టు."

శివకుమారి మొగుడి దిక్కు చూసింది. రామాంజి అన్న దిక్కు చూశాడు. బొజ్జన్న ఎనుము దిక్కు చూశాడు.

"పళ్ళెం యాడుంటే మనిషి ఆడ," అంది ఉరుకుందమ్మ వాకిటి అవతలినుంచి, ఊదుగొట్టం కింద పెట్టకుండా. "వదిన మీ భాగానికి వచ్చినట్లే."

"అట్లెట్లక్కా? పళ్ళెం లెక్కకు వచ్చినాది. మనిషి ఏ కుప్పలోనూ లేదు కదా," అంది శివకుమారి.

పెద్దక్క రెండు కుప్పలు ఉన్న చోటును చూసింది. నిజమే. తాను ఏ కుప్పలోనూ లేదు. ఇంట్లో ఉన్న సమస్తం పంచానని అనుకుంది గానీ, పంచే చెయ్యి కూడా ఇంట్లోదేనన్న సంగతి తట్టలేదు.

అప్పటికి భోంచేసి చెయ్యి కడుక్కుంటున్న గోపన్నను మళ్ళీ కూర్చోబెట్టారు. ఆయన ధోవతి అంచుతో మూతి తుడుచుకొని గొంతు సవరించుకున్నాడు.

"ఆడబిడ్డకు గూడా భాగం ఉండాదని సర్కారు చెప్తాండాది. నువ్వు అడిగింటే మూడు కుప్పలయ్యేటివి పెద్దక్కా."

"నాకు తోచలేదప్పా."

"నాకు తోచినాదిలే. నువ్వు అంత బాగ పెడ్తాంటే మధ్యలో మాట్లాడేది మర్యాద గాదనుకుంటి."

"ఇప్పుడు మళ్ళీ కలిపి పెడ్తే?"

ఆ మాటకు ఇద్దరు మరదళ్ళూ ఒకేసారి బిందెలు లోపలికి తీసుకుపోయారు. గోపన్న తల అడ్డంగా ఊపాడు. ఎంచుకున్న కుప్ప కదిపితే అది పంపకం కాదు, పరాచికమని తీర్పు చెప్పాడు. అమ్మానాయనలకు వంతులు ఉన్నాయి, తోబుట్టువుకు వంతులని తానెక్కడా వినలేదు. అయినా మనుషులం గనక ఒక దారి చూస్తానన్నాడు. ఒక అమావాస్యనుంచి ఇంకో అమావాస్య దాకా బొజ్జన్న ఇల్లు, ఆ పైన రామాంజి ఇల్లు. పళ్ళెం ఆమె వెంట పోదు, అది రామాంజి సొత్తు. బొజ్జన్న వంతులో వాళ్ళ పళ్ళెంలో తినాలి. ఇంతటి ధర్మం చెప్పినందుకు గోపన్నకు తాంబూలం ఇచ్చారు. వక్కల ఖర్చు అన్నదమ్ములిద్దరూ చెరిసగం వేసుకున్నారు.

గోడ లేచింది. పెద్దక్క గీయించిన గీత మీదే లేచింది గనక సరిగ్గా ఆమె మంచం వేసుకునే చోటు మీదుగా పోయింది. మేస్త్రి ఇటుక పట్టుకొని, "మంచం తియ్యమ్మా," అన్నాడు. తీసింది. వేయడానికి చోటు దొరక్క ఎనుము కొట్టంలో వేసుకుంది. కొట్టం ఎవరిదని ఎవరూ అడగలేదు. ఎనుము ఏమీ అనలేదు.

వంతులు మొదలయ్యాక తెలిసింది, ఆకాశంలో చంద్రుడు ఎంత తికమక మనిషో. అమావాస్య ఒక రోజు మధ్యాహ్నం వచ్చి మర్నాడు మధ్యాహ్నం పోతుంది. ఉరుకుందమ్మ ఇంట్లో ఆలూరు అంగడివాడు ఇచ్చిన క్యాలెండరు ఉంది, శివకుమారి ఇంట్లో ఆదోని నుంచి తెచ్చింది ఉంది. ఒకదాని ప్రకారం అమావాస్య వచ్చేసింది, రెండోదాని ప్రకారం ఇంకా రాలేదు. పంచాంగం మీద ఆ ఇంట్లో అంతకుముందు ఎవరికీ అంత శ్రద్ధ లేదు.

"మాకు అమావాస్య ఇంగా రాలేదు, మా వంతు రేపటినుంచే," అనేది శివకుమారి.

"మాకు పొద్దున్నే పట్టింది. మాది తీరిపాయ," అనేది ఉరుకుందమ్మ.

అమావాస్య నాడు పెద్దక్క బొరుగులు తినేది. అంగట్లో అప్పుకు తెచ్చుకొని, పప్పుల పొడి కలుపుకొని, కొట్టంలో కూర్చొని నమిలేది. నెలకొకసారి ఉపవాసముంటే మంచిదని ఒకరిద్దరు ఆమె భక్తిని మెచ్చుకున్నారు కూడా.

ఒకనాడు భువన కొట్టంలో కూర్చొని పాఠం చదువుతోంది. ఐదో తరగతి. గొంతు పెద్దది. "కుటుంబాలు రెండు రకములు. ఉమ్మడి కుటుంబము, చిన్న కుటుంబము."

"మనదేదే?" అంది పెద్దక్క, పేడ ఎత్తుతూ.

"మొన్నటిదాకా ఉమ్మడిది అత్తా. ఇప్పుడు చిన్నది. గోడ అవతల ఇంకొక చిన్నది."

"మరి నేనో?"

భువన పేజీ తిప్పింది, మళ్ళీ వెనక్కి తిప్పింది. బొమ్మలో అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క నవ్వుతున్నారు. "నువ్వు ఈ పాఠంలో లేవత్తా. సార్‌ను అడుగుతాలే."

మర్నాడు బడినుంచి పరిగెత్తుకొని వచ్చింది. "అత్తా, సార్ చెప్పినాడు. నువ్వు బంధువుల కిందికి వస్తావంట. అది తర్వాతి పాఠం."

పెద్దక్క నవ్వింది. కుక్కకు ఈ పాఠంలోనే చోటు దొరికిందని, దాని అదృష్టం దానిదని అంది. పిల్లకు అర్థం కాలేదు. అర్థం కావాలని అన్నమాట కాదు.

ఆ ఏడూ వాన ఎగ్గొట్టింది. పత్తి మోకాలెత్తు లేచి నిలబడిపోయింది. సంక్రాంతి దాటినాక కూలీల మేస్త్రి మద్దిలేటి ఇంటింటికీ తిరిగి సుగ్గికి జనాన్ని కుదుర్చుకుంటున్నాడు. మద్దిలేటి పేరు వినబడగానే గోడకు రెండు పక్కలా పెద్దక్క విలువ ఒక్కసారిగా పెరిగిపోయింది. ఆ నెల శివకుమారి వంతు. అయినా ఉరుకుందమ్మ తానే కొట్టంలోకి వచ్చి, ఎన్నడూ లేనిది చెంబుతో మజ్జిగ తెచ్చింది.

"వదినా, ఈరేష్‌గాడు నీ దగ్గర తప్ప పండుకోడు. వానికి జొన్నలు కొలిచిపెట్టినాను."

"సరే మే."

"ఎనుముకు సొప్ప ఉండాది. పాలు మాత్రం మా పిల్లోనికే పొయ్యి వదినా, ఏమనుకోవాకు. ఎనుము మా భాగం కదా."

సాయంత్రం శివకుమారి వచ్చింది. మూట విప్పి చూపించింది. "భువనకూ బుడ్డోనికీ సరిపోయేటట్లు కొలిచినా. ఉగాది దాటినాక వస్తాము. అంతదాకా నువ్వే మా ఇంటి దేవతవు."

దేవతకు ఒక సందేహం వచ్చింది. "పిల్లోళ్ళకు కొలిస్తిరి. నాకు ఎవురు కొలిచినారమ్మా?"

శివకుమారి మూట ముడి వేస్తూ ఆగింది. "ఈ నెల మాదే వదినా. మళ్ళొచ్చే నెల వాళ్ళది. అందరమూ పోతే ఎవురు ఈడ ఉంటారు చెప్పు, వంతు చూసేకి?"

గోడ అవతలినుంచి ఉరుకుందమ్మ అందుకుంది. ఆ గోడకు చెవులు శానా మంచివి. "ముగ్గురు పిల్లోళ్ళు తినంగ గిన్నెలో ఇంత మిగలదా వదినా? ఒక్క మనిషివి. నీకెంత కావాల?"

 పెద్దక్క అనుకున్నదల్లా ఒక్కటే. ఈ ఇంట్లో ఎవరి పొయ్యికో ఒకదానికి తాను లెక్కలోకి రావాలి. పిల్లల ఎంగిలి కింద కాదు, మనిషి కింద. ఆ రెండు మూటలను ఆమె కంటితోనే తూచింది. కంట్లో తక్కెడ ఉంది కదా. పిల్లలకు ఎంత కావాలో అంతే ఉంది. ఒక్క పిడికెడు ఎక్కువ లేదు. కొలత నేర్పింది తానే, ఎవరిని అని ఏం లాభం?

మర్నాడు మద్దిలేటి ఇంటికి పోయింది.

"నన్నూ రాసుకో అప్పా సుగ్గికి."

మద్దిలేటి బీడీ తీశాడు. "నువ్వొస్తే మీ పిల్లోళ్ళను ఎవురు చూస్తారు?"

"వాళ్ళకు అమ్మానాయన ఉండారు. నా పిల్లోళ్ళు గాదు."

"సరే, మీ బొజ్జన్న పొయ్యి కింద ఏస్తా."

మద్దిలేటికి జనం లెక్క ఉండదు, పొయ్యిల లెక్కే ఉంటుంది. చేను గట్టున పొయ్యికొక టార్పాలిన్ పట్ట కప్పిన గుడిసె. అక్కడ మూడు రాళ్ళు ఎవరివయితే సంసారం వాళ్ళది. ఏ పుస్తకంలోనూ లేనంత తేట లెక్క.

"వద్దు. నాది యేరే పొయ్యి."

"ఒక్క మనిషికి పొయ్యేంది పెద్దక్కా, నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వేటోళ్ళకు నేనేమీ వండిపెట్టేది లేదు."

లారీ బయలుదేరే పొద్దున ఊరు ఊరంతా మూటలతో రోడ్డు మీద ఉంది. పెద్దక్క అందరికంటే ముందు ఎక్కి, తన ట్రంకు పెట్టె మీద కూర్చుంది. పక్కన ఒక సంగటి కుండ, సంగటి కెలికే కట్టె. కుండ పాతది, పగిలి అతుకేసింది. రెండు కుప్పల్లోనూ చోటు దొరక్క పెరట్లో పారేసిన కుండ అది.

పిల్లలను ఆమె కొట్టం దగ్గర వదిలి వస్తామనుకున్న మరదళ్ళు లారీ కింద నిలబడిపోయారు.

"దిగక్కా," అన్నాడు బొజ్జన్న, నలుగురూ చూస్తున్నారని గొంతు తగ్గించి. "పిల్లోళ్ళను ఇడిసి యాడికి?"

"నేను ఈ పొద్దు ఎవురి వంతురా?"

బొజ్జన్న తమ్ముడి దిక్కు చూశాడు. రామాంజి లారీ టైరు దిక్కు చూశాడు. 'మా వంతు' అన్నవాడు ఉగాది దాకా ఆమెకు తిండి కొలవాలి. ఒక్క మాట. ఆ మాట ఎవరు అని ఉన్నా ఆమె దిగి ఉండేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అందుకే కొంగు సర్దుకొని, పెట్టె మీద ఒక చెయ్యి పెట్టి, లేవడానికి సిద్ధంగానే కూర్చుంది. డ్రైవరు హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. అన్నదమ్ములు ఆ చప్పుడును ఎంతో శ్రద్ధగా విన్నారు.

"ఎవురో ఒకరు ఉండిపోండప్పా, ఎండెక్కుతాండాది," అన్నాడు మద్దిలేటి.

చివరికి శివకుమారి తన మూట దించుకుంది. బుడ్డోడు చిన్నవాడు గనక ఆమెకే తప్పలేదు. లారీ కదిలేటప్పుడు భువన ఏడ్చింది. పెద్దక్క వెనక్కి తిరిగి చూడలేదని ఉరుకుందమ్మ తర్వాత నలుగురికీ చెప్పింది. నిజమే. తిరిగితే దిగాల్సి వస్తుంది.

గుంటూరు పక్క మిరప చేను ఎర్రగా కళ్ళు మండేటట్టు ఉంది. గట్టున వరసగా గుడిసెలు లేచాయి. బొజ్జన్న, ఉరుకుందమ్మలది ఒక పొయ్యి. రామాంజి ఒంటరివాడయ్యాడు గనక అన్న పొయ్యిలో తింటాడని మద్దిలేటి రాసుకున్నాడు, ఉరుకుందమ్మను అడగలేదు. పెద్దక్క కాలవ గట్టున తిరిగి మూడు రాళ్ళు ఏరింది. మూడూ ఒకే ఎత్తువి దొరికేదాకా తిరిగింది. వాటిని దించి, మట్టి మెత్తి, అడుగు దూరం జరిగి చూసుకుంది. ఇంత వయసొచ్చి మొదటిసారి తనదైన పొయ్యి.

శివకుమారి ఫోను చేసింది, రామాంజికి. అందరికీ ఒకే పొయ్యి మీద వండుతున్నానంది. రెండు పొయ్యిలకు కట్టెలు ఎవరు ఏరతారు? ఈరేష్ కూడా ఇటే తిని ఇటే పడుకుంటున్నాడట. వెనకనుంచి భువన గొంతు వినబడింది, మనది మళ్ళీ ఉమ్మడిదయిందని అత్తకు చెప్పమంటూ. రామాంజి చెప్పాడు. ఉమ్మడి కుటుంబం మళ్ళీ ఏర్పడడానికి ఒక్క మనిషి తప్పుకుంటే చాలని తెలిసి పెద్దక్క సంగటి కెలుకుతూ ఉండిపోయింది.

పొద్దు వాలేవేళ రామాంజి ఆమె గుడిసె ముందుకు వచ్చాడు. చేతిలో పళ్ళెం ఉంది. తెచ్చుకున్న సామాన్లలో అదొక్కటే పళ్ళెం.

"అక్కా, ఉరుకుందమ్మ వదిన మూతి ముడుచుకుంటాండాది. ఇంత సంగటి పెట్టు."

పెద్దక్క చెయ్యి చాపింది. పళ్ళెం అందుకొని కొంగుతో తుడిచింది. అంచు మీద చుక్కలతో ఆమె పేరు, ఒక అక్షరం అరిగిపోయి ఉంది. కుండలోంచి ముద్ద తీసి ఆ పళ్ళెంలో పెట్టింది. పక్కన ఇంత వేరుసెనక్కాయల కారం వేసింది. రామాంజి చెయ్యి చాపాడు. ఆమె పళ్ళెం ఒడిలో పెట్టుకొని తినడం మొదలుపెట్టింది.

రామాంజి నిలబడ్డాడు. చిన్నప్పుడు ఆమె ముద్ద కలిపేదాకా నిలబడినట్టే నిలబడ్డాడు. తిన్నాక తన వంతు వస్తుందని అనుకున్నట్టుంది. ఆమె నింపాదిగా తింది, వేళ్ళు నాకింది, పళ్ళెం కడిగి తన ట్రంకు పెట్టెలో పెట్టి మూత వేసింది.

"అక్కా," అన్నాడు.

"అమావాస్య ఇంగా రాలేదు కదరా."

వాడు నవ్వాడు, పరాచికమనుకొని. ఆమె నవ్వలేదు. కుండలో ఇంకా ఏడుగురికి సరిపడా సంగటి పొగలు కక్కుతూ ఉంది. దాంట్లో చల్లనీళ్ళు పోసి, పైన రాయి పెట్టింది. రామాంజి కాసేపు ఆ రాయిని చూసి, అంగడి దిక్కు పోయాడు. ఆ పూట వాడు బొరుగులు తిన్నాడని మర్నాడు సాలులో ఎవరో చెప్పుకుంటే పెద్దక్క విన్నది. పెట్టి ఉండాల్సిందేమో అనుకుంది. మధ్యాహ్నం దాకా అనుకుంటూనే ఉంది. చేతులు మాత్రం కాయలు తెంపుతూనే ఉన్నాయి. సాయంత్రం వాడు రాలేదు, ఆమె పిలవలేదు.

నిన్నటి సంగటి అలాగే ఉంది. పులిసింది. అదే తింది. మర్నాడూ అదే. కుండ ఖాళీ అయినాక మళ్ళీ ఎసరు పెట్టింది, పిండి పోసింది. చెయ్యి దానికదే పోసుకుంటూ పోయింది. కట్టె తిరగనంత గట్టిపడ్డాక చూస్తే మళ్ళీ ఉమ్మడి ఇంట్లోలాగే ఎనిమిది మందికి అయింది.

ఉరుకుందమ్మ నీళ్ళబిందెతో పోతూ ఆగింది. కుండలోకి తొంగి చూసింది.

"ఒక్కదానివి. ఇంత ఎవురికి చేస్తాండావు వదినా?"

పెద్దక్క కట్టె ఆపింది. కంది గింజలను పిడికిలితో చెరిసగం చేసిన చెయ్యి అది. ఆ చేతిని తిప్పి చూసుకుంది.

"నాకే మే," అంది. "ఒక్క మనిషికి కొలత ఎంతో తెలీక."